ఆటలో తుపాకీకి అసలు ధర ఎంత?

ప్రశ్న: మావాడు ఇంటర్ చదువుతున్నాడు. బీజీఎంఐ అనే తుపాకుల ఫోన్ ఆటలో సరుకు కొనే 'యూసీ'ల (ఆట డబ్బు) కోసం ఏడాదిగా నా ఫోన్‌పే నుంచి డబ్బులు కట్టాడు. ఇప్పుడెవరో ఆ అకౌంటును ఎనిమిది వేలకు కొంటామంటున్నారట. అమ్మితే పోయిన డబ్బు కొంతైనా వస్తుందా?
– ఒక అమ్మ, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతి గంగమ్మ జాతరలో రంగులరాట్నం టోకెను కొంటాం. దాన్ని పక్క అంగట్లో ఇస్తే బొరుగులు కూడా రావు. యూసీలూ అంతే. రూపాయి లోపలికి పోతుందే గానీ, బయటికొచ్చే దారి కంపెనీ పెట్టలేదు. పైగా అకౌంటు మీవాడి సొత్తు కాదు, వాడుకోవడానికిచ్చిన అనుమతి మాత్రమే. అమ్మినట్టు తేలితే కంపెనీ దాన్ని మూసేయొచ్చు. అంతెందుకు, ఈ ఆటే 2022 జులైలో ప్లే స్టోర్ నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు.

కొంటామనేవాళ్లలో మోసగాళ్లూ ఉంటారు. 'డబ్బులు పడాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు' అంటారు. గుర్తుంచుకోండి: పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక చట్టం సంగతి. ఆన్‌లైన్ రమ్మీలాంటి పందెం ఆటలను మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ బీజీఎంఐలాంటి పందెం లేని ఆటలో సరుకు కొనడం నేరం కాదు.

పోయిన డబ్బును పాఠం నేర్చుకున్నందుకు కట్టిన ఫీజు అనుకోండి. వాడిని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని బ్యాంకు స్టేట్‌మెంటు చూపించండి, యూపీఐ పిన్ మార్చండి.