ఇనుప పెట్టెకు ఇంటిపన్ను పడునా?

పెద్ద బాటల ప్రక్కనున్న గ్రామములలో ఇటీవల ఒక క్రొత్త వస్తువు కానవచ్చుచున్నది. ఓడలలో సరకు వచ్చు కంటైనరు అను ఇనుప పెట్టెను కొని, పెట్రోలు బంకు ప్రక్కనో, లారీల కాటా ఆవరణలోనో నిలిపి, కొందరు అందులో సొంత సామాను దాచుకొనుచున్నారు. ఇల్లు కట్టించుకొనువారు పాత తలుపులు, మంచములు అందులో పెట్టుదురు. ఉద్యోగమునకై ఊరు విడిచినవారు బీరువాతో సహా అందులో చేర్చి తాళము వేసికొని పోవుదురు. స్థలము ఒకరిది, పెట్టె వేరొకరిది. పంచాయతీలో డిమాండు రిజిస్టరు విప్పిననాడు చిక్కు వచ్చును. దీనికి ఇంటిపన్ను కలదా? కలదేని చెల్లింపవలసినవారెవరు?

పునాది లేనిది ఇల్లెట్లగునని ఒక సభ్యుడనును. చోటు ఆక్రమించినది గనుక పన్ను వేయవలసినదేయని మరొకడనును. ఇద్దరి మాటలోను కొంత నిజమున్నది. కాని చట్టము యొక్క అధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదనియు, వసూలు చేయరాదనియు రాజ్యాంగము 265వ అధికరణము చెప్పుచున్నది. కావున ముందు చూడవలసినది చట్టములోని మాట.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము 60వ సెక్షను ప్రకారము గ్రామపంచాయతీ ఇంటిపన్ను విధింపవలెను. ఆ చట్టములో ఇల్లనగా కాపురముండు కొంప మాత్రమే కాదు. దుకాణము, కార్ఖానా, గిడ్డంగి కూడ ఇల్లే. కట్టడము ఇటుకదైనను, మట్టిదైనను, కొయ్యదైనను, లోహముదైనను ఒక్కటే. ఇనుముతో చేసినది గనుక పన్ను లేదను వాదము నిలువదు. తెలంగాణమున 2018 నాటి వేరు చట్టము అమలులో నున్నది. అచ్చటి సభ్యులు దానిని చూచుకొనవలెను.

ఇక కదలిక సంగతి. బొంబాయి నగరపాలక సంస్థకును ఇండియన్ ఆయిల్ సంస్థకును పెట్రోలు నిలువచేయు పెద్ద ట్యాంకులను గూర్చి వచ్చిన వివాదములో సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పినది. ఆ ట్యాంకులు నేలకు బిగించినవి కావు, తమ బరువుతోనే నిలిచియుండెను. అయినను అవి శాశ్వతముగ నెలకొల్పినవి గనుక పన్నునకు లోబడునని కోర్టు నిర్ణయించినది. కోర్టు చెప్పిన పరీక్ష సులభమైనది. వస్తువును ఉన్నదున్నట్లు మరొకచోటికి తీసికొనిపోయి వాడుకొనగలిగిన అది చరాస్తి. విప్పి, అచ్చట మరల కూర్పవలసివచ్చిన అది నేలకు చెందినది.

మన పెట్టె 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు; ఖాళీగ రెండు టన్నులకు పైబడి తూగును. క్రేనుతో ఎత్తి లారీపై పెట్టిన యెడల సామానుతో సహా అట్లే పోవును. మెలిక ఇచ్చటనే యున్నది. ఇల్లు పూర్తియగువరకు ఆరు నెలలు నిలిపిన పెట్టెను రిజిస్టరుకెక్కించుట నా అభిప్రాయమున సాహసమే. కాని క్రింద సిమెంటు దిమ్మె పోసి, పైన రేకుల పందిరి దించి, కరెంటు తీగ లాగి, ఏండ్ల తరబడి కదల్పక వాడుచున్న పెట్టెకును గిడ్డంగికిని భేదమేమి? దానిని వదలిన, ప్రక్కనే పెంకుటింటికి పన్ను కట్టుచున్న వితంతువునకు మనమేమని సమాధానము చెప్పగలము?

చెల్లింపవలసినది ఇంటి యజమాని. ఇచ్చట తొందర పనికిరాదు. ఇంటిపన్ను బకాయి ఆ ఇంటిపైనే గాక, పన్ను బాధ్యునికి చెందినదై ఆ ఇంట దొరకిన చరాస్తిపైనను పడును. బంకు యజమాని పేర నోటీసు వ్రాసి, పెట్టెలోనున్న పరుల సామానుపై చేయివేసిన, అది పన్ను వసూలు కాదు, దౌర్జన్యమగును. పెట్టె ఎవరిదో, అద్దె ఎవరు పుచ్చుకొనుచున్నారో కాగితము చూచియే పేరు వ్రాయవలెను. బంకు యజమానియే పది పెట్టెలు తెచ్చి అద్దెకిచ్చుచున్న యెడల నోటీసు అతనికే పోవలెను.

కార్యదర్శితోపాటు ఒకరిద్దరు సభ్యులు స్వయముగ పోయి, పెట్టె ఎన్నడు వచ్చినది, దిమ్మె యున్నదా, వీధి నుండి వేరు ప్రవేశమున్నదా అని చూచి వ్రాసికొనుట మంచిది. సర్పంచి బావమరిది పెట్టెయైనను కొలత అదే. యజమాని అభ్యంతరము చెప్పిన విని, కారణములు వ్రాతమూలముగ నుంచవలెను. పిమ్మట ఏడాది ఆ పెట్టెను క్రేను ఎత్తుకొనిపోయిన యెడల, పేరు కొట్టివేయుట కూడ మరువరాదు. లేని పెట్టె బకాయిలు రిజిస్టరులో పెరుగుచున్న పంచాయతీలు లేకపోలేదు.