ముందు పెన్సిల్, తర్వాతే పెయింట్

గోడమీద చెమ్మ మరక కనబడగానే పెయింట్ డబ్బా తేవాలనిపిస్తుంది. ఆగండి. ముందు పెన్సిల్ తీసుకోండి. మరక అంచు వెంబడి సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఆ రోజు వాన పడిందా, గాలి ఎటునుంచి వీచింది, ఇంట్లో తడిబట్టలు ఆరేశారా అన్నవి ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి. మరక కదిలినప్పుడల్లా కొత్త గీత, కొత్త తేదీ. కనబడిన సమస్య మీదికి వెంటనే ఉరకకుండా నాలుగు వారాలు దాన్ని చదవగలిగితే, మీ డబ్బు సగం మిగిలినట్టే.

ఇది ముఖ్యంగా బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల కోసం. ఈస్ట్ హామ్‌లోనో లెస్టర్‌లోనో వరస ఇళ్లలో ఒకటి కొని, పాలు పొంగించి, తొలి చలికాలం దాటకముందే ముందుగదిలో చిమ్నీ బ్రెస్ట్ మీద గోధుమరంగు మరక చూసి బెంగపడే కుటుంబాలు ఎన్నో. చిమ్నీ బ్రెస్ట్ అంటే పొగగొట్టాన్ని కడుపులో పెట్టుకుని గదిలోకి ముందుకు వచ్చిన ఇటుక గోడ. మరక చూసిన రాత్రే ఇంట్లో వాదన మొదలవుతుంది. ఈ ఇల్లు వద్దన్నానా అని ఒకరు, తనిఖీ సరిగ్గా చేయించలేదని ఒకరు. ఎవరి తప్పు అన్న ప్రశ్న పక్కన పెట్టండి. ఈ గోడకు ఏం మారింది అని అడగండి.

మారింది చాలా ఉంది. విక్టోరియా కాలపు ఇళ్లలో దాదాపు ప్రతి పెద్ద గదిలో బొగ్గు మండేది. పైనుంచి పొగగొట్టంలో పడిన కాస్త వాననీరు ఆ వేడికి ఎప్పటికప్పుడు ఆరిపోయేది. 1952 డిసెంబరులో లండన్‌ను విషపు పొగమంచు కమ్మేశాక, 1956లో బొగ్గు పొగను కట్టడి చేసే చట్టం వచ్చింది. 1967 నుంచి 1977 వరకు దేశం నార్త్ సీ సహజవాయువుకు మారింది. ఇళ్లలోకి రేడియేటర్లు వచ్చాయి, నిప్పుగూళ్లు మూతపడ్డాయి. చాలామంది కింద మూసి, పైన పొగగొట్టం చివర ఉండే మట్టిగొట్టం నోరు అలాగే తెరిచి వదిలేశారు. వాన లోపలికి పడుతూనే ఉంది, ఆరబెట్టే మంట లేదు. ఇంకొందరు కిందా పైనా రెండూ బిగించేశారు. అప్పుడు గాలి ఆడక లోపలే చెమ్మ ఊరుతుంది.

ఇక మీ గీతలు ఏం చెబుతున్నాయో చూడండి. పెద్ద వాన తర్వాత ఒకటి రెండు రోజుల్లో మరక గీత దాటి ముదురుతుంటే నీరు పైనుంచి దిగుతోంది. ముఖ్యంగా నైరుతి గాలితో కొట్టే వానకు ముదిరితే అనుమానం మరీ గట్టిది, ఆ దేశంలో వాన ఎక్కువగా అటునుంచే వస్తుంది. వానతో పనిలేకుండా చలిరాత్రుల్లో, వంట ఆవిరితో, ఆరేసిన బట్టలతో ముదురుతుంటే గదిలోని ఆవిరే చల్లటి గోడమీద నీరవుతుండవచ్చు. చిన్న పరీక్ష ఉంది. గోడమీద అల్యూమినియం ఫాయిల్ ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గదివైపు తడిస్తే ఆవిరి, గోడవైపు తడిస్తే తేమ గోడలో ఉంది.

ఇంత తెలుసుకున్నాకే మనిషిని పిలవండి. ఎవరిని పిలుస్తున్నారన్నది కూడా ముఖ్యం. గోడలోకి రసాయనం ఎక్కించే కంపెనీ ఉచితంగా తనిఖీ చేస్తానంటే, అది అమ్మేది ఆ రసాయనమేనని గుర్తుంచుకోండి. చేతిలో ఉండే తేమ మీటరు గోడలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తుంది. ఉప్పు పట్టిన గోడ అంత తడిగా లేకపోయినా అది పెద్ద అంకె చూపిస్తుంది. నేలనుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదు. మేడమీది పడకగదిలో మరకకు అదే కారణమని ఎవరైనా చెబితే, ఎలాగో వివరించమని నిదానంగా అడగండి. గొంతు పెంచక్కర్లేదు. జవాబు వచ్చేదాకా సంతకం చేయకండి, అంతే. ఏమీ అమ్మని స్వతంత్ర సర్వేయరుకు ఫీజు ఇవ్వడం మనకు బరువుగా అనిపిస్తుంది, కానీ అక్కరలేని పనికి పోసే వేల పౌండ్ల ముందు అది చిన్న ఖర్చు.

పైకప్పు మీద చూడాల్సినవి కొన్నే: పొగగొట్టం కప్పును కలిసే చోట సీసపు రేకులు, మట్టిగొట్టాలను పట్టి ఉంచే మసాలా, ఇటుకల మధ్య సందులు. పాత ఇటుకల సందుల్లో సిమెంటు కూరితే లోపలి తడి బయటికి పోలేదు, సున్నపు మసాలాయే మేలు. వాడని పొగగొట్టానికి వాన ఆపి గాలి వదిలే మూత పైన, గాలి జాలీ కింద పెట్టించాలి. గ్యాస్ ఫైర్‌గానీ కట్టెల పొయ్యిగానీ ఇంకా వాడుతుంటే మాత్రం అర్హత ఉన్న ఇంజనీరును అడగకుండా ఏ మూతా పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. లోపల పిట్టలు గూడు కట్టి ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి, వాడుకలో ఉన్న గూటిని కదపడం 1981 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం.

వరస ఇళ్లలో పొగగొట్టం తరచుగా పక్కింటితో ఉమ్మడి. కొన్ని పనులకు 1996 నాటి ఉమ్మడి గోడల చట్టం ప్రకారం ముందుగా నోటీసు కూడా ఇవ్వాలి. ఆ కాగితం గుమ్మంలో పడకముందే మీరు వెళ్లి తలుపు తట్టండి. మీ వైపునుంచే నీరు వస్తోందని మొదలుపెట్టకండి. మరక ఫోటోలు చూపించి, మీ గోడ ఎలా ఉందని అడగండి. స్కాఫోల్డింగ్ ఖర్చు పంచుకునే దారి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అసలు ఓర్పు ఈ తర్వాత కావాలి. రేకులు మార్చారు, మూత పెట్టారు, నీరు ఆగింది. రెండు నెలలకు ఓ ముసురు రోజు మరక మళ్లీ తేలుతుంది. మేస్త్రీ మోసం చేశాడనుకుని ఫోన్ అందుకుంటారు. అతని పని బాగానే ఉండి ఉండవచ్చు. దశాబ్దాల బొగ్గు మసిలోని లవణాలు తడితో కలిసి ఇటుకల్లోంచి ప్లాస్టర్‌లోకి వచ్చి చేరాయి. అవి గాలిలో తేమను పీల్చుకుంటాయి. గాలి తడిగా ఉన్న రోజు ముదిరి, పొడిగా ఉన్న రోజు వెలిసిపోయే మరక వాటిదే. మనుషుల మధ్యా ఇంతే. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగవు తీరి కాగితాలు రాసుకున్నాక కూడా, ఓ పెళ్లి పందిట్లో పాత మాట ఒకటి గొంతులో అడ్డుపడుతుంది. తగవు తీరలేదని కాదు. కారణం పోయినా దాని అవశేషం మిగిలింది. కారణానికి చేసే వైద్యం వేరు, అవశేషానికి చేసే వైద్యం వేరు. ఇది తెలియక చాలామంది సరిగ్గా జరిగిన పనిని మళ్లీ తవ్విస్తారు, సరిగ్గా కుదిరిన రాజీని మళ్లీ తిరగతోడతారు.

అవశేషానికి వైద్యం ఇది. మరక అంచు దాటి కనీసం ఒక అడుగు వరకు పాత ప్లాస్టర్ కొట్టించేయండి, అందులోని ఉప్పు దానితోపాటే పోతుంది. మరక కనబడకుండా చేసే పెయింట్లు ఉప్పును దాచుతాయే తప్ప తీయవు. ఆ తర్వాత ఇటుకలను ఆరనివ్వాలి. గోడ మందంలో ప్రతి అంగుళానికీ నెల అన్నది అక్కడివాళ్లు చెప్పే మోటు లెక్క. మామూలు జిప్సమ్ పూత వద్దు, సున్నపు పూతగానీ ఉప్పు పట్టిన గోడలకోసమే తయారయ్యే పూతగానీ అడగండి. ఈలోగా పుస్తకాల అల్మారా ఆ గోడకు ఆనించకండి. సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని హడావిడిగా రంగు వేయించనూ వద్దు. ఇటుకలు బయటపడిన గోడను అలాగే చూపించి, పని ఎంతవరకు వచ్చిందో చెప్పండి. రంగు వేసవిలో వేసుకోవచ్చు.