నీ కోళ్లకు కాగితం కావాలా, చెల్లె?

రాత్రి ఫోన్లో గంటసేపు అదే అడిగినవ్: "అక్కా, కోళ్లకు డాక్టర్‌తోని ఆరోగ్య సర్టిఫికెట్ తీసుకోవాల్నా?" నవ్వొచ్చింది గానీ, ఆర్మూర్‌ల పసుపు అమ్మేటోళ్లకు ఈ ప్రశ్న రావాల్సిందే. నిజామాబాద్ యార్డుల కాడి వేరు, గోళ వేరు చేసి, విరిచి చూసి ధర కడతరు. కోడిని లోపల విరిచి చూసేదెవరు?

అంకాపూర్‌ల నాటుకోడి కూరకు పోయేటివైతే కాగితం మాట మర్చిపో. ఆ పైసలు కొక్కెర తెగులు టీకాలకు పెట్టు. పిల్ల పుట్టిన వారంలోపే కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. పసుపు నీళ్లు తాపితే కొక్కెర తెగులు రాదంటరు మనోళ్లు. పసుపు పండించేదాన్నైనా నేను ఒప్పుకోను.

కానీ నువ్వు పిల్లల్ని అమ్ముతున్నవ్. అక్కడ నా మాట వేరు. పుల్లోరం అనే జబ్బు ఉన్న పెట్ట మంచిగనే తింటది, గుడ్లు పెడతది. ఆ జబ్బు గుడ్డులోంచే పిల్లకు పోతది. నీ దగ్గర కొన్నామె ఇంట్ల పిల్లలు తెల్లగా పారి, ముడుచుకొని రాలిపోతయ్. ఒక రక్తపు చుక్క, ఒక రంగు యాంటిజెన్ చుక్క పలక మీద కలిపితే రెండు నిమిషాల్ల గడ్డలు కట్టుడు కనపడ్తది. అమెరికాల 1935ల కోళ్ల పథకం ఒకటి పెట్టిందే ఈ జబ్బును ఏరెయ్యడానికి. పొదిగే పెట్టలకు, పుంజులకు ఈ పరీక్ష చేయించు. నాందేడ్ దిక్కు బండెక్కిస్తే ఎట్లాగూ డాక్టర్ కాగితం ఉండాలె. 2001ల రవాణా నిబంధనల్ల కోళ్లను కూడా చేర్చిన్రు.

"తేలితే ఎట్లక్కా?" అన్నవ్ చూడు, అసలు భయం అదే. పుల్లోరమైతే తేలిన పెట్టను తీసేసి, మిగిలినవాటికి మళ్లీ పరీక్ష పెట్టాలె. బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాల్ల చూసినం కదా. నిర్ధారణైతే కిలోమీటరు లోపల కోళ్లన్నీ పోతయ్. అయినా సర్కారు చంపించిన కోడికే పరిహారం, ముందే చచ్చినదానికి లేదు. దాచినామెకు కోడీ పోతది, పైసా పోతది.

ఇంకోటి, ఆ కాగితం ఆ ఒక్కరోజు మాటే. అంగడిల కొన్న పుంజును తెల్లారే మందల కలిపినవనుకో, ఇగ ఆ కాగితాన్ని చింపెయ్యొచ్చు. కొత్త పుంజును మూడు వారాలు వేరే గంప కింద ఉంచు.

అన్నట్టు, నాకిస్తనన్న పది పిల్లల్ని పరీక్షయినంకనే పంపు. కూర పార్సిలైతే రేపే పంపు.