ఊరి గురించి ఇంగ్లిష్‌లో చెప్పాలంటే

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో మా విజయవాడ గురించి అడిగితే ‘బిగ్ సిటీ, వెరీ బిజీ’ దగ్గరే ఆగిపోతున్నాను. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: పదాల జాబితా బట్టీపడితే అవసరానికి నోటికి రావమ్మా. తెలిసిన చోటుకు ముడిపెట్టి నేర్చుకోండి. సాయంత్రం బెంజి సర్కిల్ ‘కంజెస్టెడ్’, ఆ వేళ ‘రష్ అవర్’. వన్‌టౌన్ సందులు ‘నారో లేన్స్’, కృష్ణ ఒడ్డు ‘రివర్‌ఫ్రంట్’. మనవాళ్లందరి నోటా నలిగే ‘అవుట్‌కట్స్’ మాత్రం వదిలేయండి. శివార్లను ‘అవుట్‌స్కర్ట్స్’ అనాలి. ‘కాలనీ’ అంటే విదేశీ ఎగ్జామినర్‌కు వలసరాజ్యం గుర్తొస్తుందేమో, ‘నెయిబర్‌హుడ్’ మేలు. పరీక్షలో అంశం రాసి ఇచ్చే క్యూ కార్డ్‌కు 1 నిమిషం ఆలోచించి, 2 నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రోజూ చేస్తున్నా నెలలోపు తడబాటు తగ్గకపోతే, అనుభవమున్న ట్రైనర్ దగ్గర మాక్ ఇంటర్వ్యూకు కూర్చోండి.