జీర్ణకోశ కణితులు: పరీక్షలో తడబడే చోట్లు

సాలూరు సహా ఉత్తరాంధ్ర అభ్యర్థులు వినే ఉంటారు, అడ్డపొగ గురించి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టి పీల్చే ఈ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు కారణం. జీర్ణక్రియ నోట్లోనే మొదలవుతుంది కాబట్టి ఇది జీర్ణకోశ క్యాన్సరే అనుకుంటే మార్కు పోయినట్టే. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10లో అంగిలి క్యాన్సర్ కోడ్ సీ05. జీర్ణావయవాలవి సీ15 (అన్నవాహిక) నుంచి సీ26 వరకు. జీర్ణాశయం సీ16, కాలేయం సీ22, క్లోమం సీ25.

కోడ్ చోటును చెబుతుంది, కణాన్ని కాదు. జీర్ణాశయం, పెద్దపేగుల్లో ఎక్కువగా వచ్చేది గ్రంథి కణాల అడినోకార్సినోమా. జిస్ట్ అనే కణితి మాత్రం పేగు కదలికల్ని నియంత్రించే కాజల్ కణాల కోవకు చెందింది. దాన్ని కిట్ ప్రోటీన్‌తో గుర్తిస్తారు.

జీర్ణాశయం, పెద్దపేగు క్యాన్సర్ల నిర్ధారణ సాధారణంగా ఎండోస్కోపీలో తీసిన ముక్క (బయాప్సీ) పరీక్షతో. రక్తంలో సీఈఏ అనే కణితి సూచిక పెరిగినంత మాత్రాన పేగు క్యాన్సర్ అనలేం. పొగతాగేవారిలోనూ అది పెరుగుతుంది. కాలేయ క్యాన్సర్‌కు ఏఎఫ్‌పీ అనే సూచిక చూస్తారు. వ్యాప్తిని సీటీ స్కాన్‌తో అంచనా వేసి టీఎన్ఎం దశ ఇస్తారు: కణితి, లింఫ్ గ్రంథులు, దూరవ్యాప్తి.

జీర్ణాశయ క్యాన్సర్‌కు దారితీసే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాను కనుగొన్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ దక్కింది. ఇక చికిత్స సంస్థల విషయానికొస్తే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్‌ది. అది ఆరోగ్యశాఖ కింద కాదు, అణుశక్తి విభాగం కింద ఉంది.