కత్తి లేని సాము



ఈ మధ్య మన కుర్రకారులో "సమురాయ్ క్రమశిక్షణ" అనే మాట బాగా చెలామణి అవుతున్నది. తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, చన్నీళ్ళ స్నానం, మధ్యాహ్నం దాకా పస్తు. ఇవి చేస్తే చాలు, జపాను వీరులంతటి వాళ్ళమైపోతామని నమ్మకం. నేనూ నమ్మాను. నమ్మి ఏం చెడ్డానో ముందు చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాను.

పోయిన ఏడాది సైన్యంలో చేరడానికి పరుగు పరీక్షకు వెళ్ళాను. దానికోసం రెండు నెలలు హాస్టల్లో నాలుగింటికే లేచి పరుగెత్తాను. పడుకునేది మాత్రం పన్నెండుకు. ఉదయం ఏమీ తినను. మధ్యాహ్నం తెల్లన్నం కుప్పగా పెట్టించుకొని నీళ్ళ చారుతో లాగించేసేవాణ్ణి. ఆ రోజు మా అయ్య చెరకు తోటకు రావలసిన నీళ్ళ వంతు వదులుకొని మరీ నాతో వచ్చాడు. 1600 మీటర్లలో మూడో రౌండు దగ్గర పిక్కలు పట్టేసి కూలబడిపోయాను. అయ్య ఏమీ అనలేదు. తిరుగు బస్సులో సీటు దొరికాక, "పొద్దున్న ఏం తిన్నావురా?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్నే నన్ను పుస్తకాల మీదికి తోసింది.

సమురాయ్ అనే మాటకు మూలార్థం కొలువు చేసేవాడు అని. మన సాము గరిడీలోని సాముకు దీనితో చుట్టరికం లేదు, వినడానికి ఒకలా ఉన్నా సరే! 1638 తర్వాత జపానులో రెండు వందల ఏళ్ళకు పైగా పెద్ద యుద్ధాలు లేవు. కత్తి నడుముకున్నా ఆ వీరులు చాలామంది కచేరీ ఉద్యోగులే. వాళ్ళ జీతం బియ్యం లెక్కన ఉండేది. 1876లో కత్తి ధరించడం కూడా నిషేధమైపోయింది.

ఆ కులంలో పుట్టిన కైబరా ఎక్కెన్ అనే పండితుడు 1713లో, ఎనభై దాటిన వయసులో, "యోజోకున్" అనే ఆరోగ్య గ్రంథం రాశాడు. ఆయన బోధలో చన్నీళ్ళ వీరత్వం కంటే మితం ఎక్కువ. కడుపు పూర్తిగా నిండకముందే చెయ్యి కడుక్కోవాలి, తిన్న వెంటనే పడుకోక నాలుగడుగులు నడవాలి. మన వాగ్భటుడు "అష్టాంగహృదయం"లో ఇదే చెప్పాడు. కడుపును నాలుగు భాగాలు చేసి రెండు అన్నానికి, ఒకటి నీటికి, ఒకటి గాలికి వదలమన్నాడు. మా మామ్మ ఏ గ్రంథమూ చదవకుండానే "ఇంకో ముద్ద పడుతుందనగా లేవరా" అంటుంది.

అయితే ఎంత నిగ్రహం ఉన్నా, తినేది ఏమిటో తెలియకపోతే ఆ నిగ్రహం కాపాడదు. దీనికి సాక్ష్యం ఆ సమురాయిలే. ఎదో నగరానికి (నేటి టోక్యో) చేరిన వీరులు బాగా దంచిన తెల్లబియ్యం తిని కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె నీరసించి పడిపోయేవారు. సొంతూరికి వెళితే నయమయ్యేది. దానికి "ఎదో జబ్బు" అని పేరుపెట్టారు. అదే బెరిబెరి.

గుట్టు విప్పినవాడూ సమురాయ్ కుటుంబం వాడే, నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో. 1882–83లో ర్యూజో అనే ఓడలో 376 మంది సముద్రయానం చేస్తే 169 మందికి జబ్బు చేసి 25 మంది చనిపోయారు. 1884లో అదే దారిన త్సుకుబా అనే ఓడను పంపి, తెల్లన్నం తగ్గించి మాంసం, పాలు, ఇతర ధాన్యాలు పెట్టించాడు. జబ్బుపడినవారు పదిహేను మందికి అటూ ఇటూ, చావులు సున్న. తమాషా ఏమంటే ఆయన మాంసకృత్తుల లోపమని పొరబడ్డాడు. అసలు లోపం తవుడుతో పోయే థయామిన్, అంటే బి1 విటమిను. పిండిపదార్థం మండి శక్తి కావాలంటే అది ఉండి తీరాలి. అన్నం, శ్రమ పెరిగేకొద్దీ దాని అవసరమూ పెరుగుతుంది. సైనిక దళం మాత్రం తకాకి మాట పెడచెవిన పెట్టి 1904–05 రష్యా యుద్ధంలో ఈ జబ్బుతోనే సుమారు 27 వేల మందిని పోగొట్టుకుంది.

మనకేమిటి అనుకోకండి. ఆనాటి మద్రాసు రాజధానిలో బెరిబెరికి పేరుపడిన ప్రాంతం మన ఉత్తర సర్కారులే. మాల్కంసన్ అనే కంపెనీ డాక్టరు దీనిమీద 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేయించాడు. ఉప్పుడు బియ్యం తినేవారికి ఈ బెడద తక్కువ. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు విటమిను గింజలోకి ఇంకుతుంది గనుక. బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఉన్నదీ పోతుంది. మా తాత చోడి అంబలి తాగి దుక్కికి వెళ్ళేవాడు. మేం చదువుకున్నవాళ్ళం కదా, అది నామోషీ అనుకున్నాం. నాకు బెరిబెరి వచ్చిందని అనడం లేదు. నిద్ర చాలక, ఖాళీ కడుపుతో పరుగెత్తి పడ్డాను, అంతే.

జపానులో జిగోరో కానో జూడో విద్యను నెలకొల్పిన 1882లోనే మన వీరఘట్టంలో కోడి రామమూర్తి నాయుడు పుట్టాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న ఆ మనిషి శాకాహారి. ప్రాణాయామం ఆయన సాధనలో భాగం. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది, మనవాళ్ళు దాని పక్కన సెల్ఫీ దిగి వచ్చేస్తారు. కర్రసాము నేర్పే గురువులు మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. జపాను దాకా పోనక్కరలేదని నా ఉద్దేశం. పోయినా ఎక్కెన్ దగ్గర ఆగితే మేలు.

ఇప్పుడు నేను పదింటికల్లా పడుకుంటున్నాను, అయిదున్నరకు లేస్తున్నాను. పరుగుకు గంట ముందు అరటిపండు, వచ్చాక అంబలో, ఉడికించిన ఉలవలో. వారంలో ఒకరోజు పరుగుకు సెలవు. ఆ సెలవు పాటించడమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆదివారాలు నర్సీపట్నం వెళ్ళినప్పుడు చెరువు గట్టు మీద పరుగెత్తుతాను, అయ్య సెల్‌ఫోనులో టైము చూస్తాడు. వయసు హద్దు దగ్గరపడుతోంది. మొన్న 1600 మీటర్లకు 6 నిమిషాల 5 సెకన్లు పట్టింది. ఇంకా అర నిమిషం తగ్గాలి.