స్కూలు అనే మాట

ఈసారి గోడపత్రికలో నేను ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తున్నాను. అది మనం రోజూ అనే మాటే. స్కూలు.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు "ఇస్కూలు" అనేదాన్ని. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఆ మాట అనాలంటే నాకు భయం. అందుకే పెద్ద డిక్షనరీ తీసి చూశాను. ఇంగ్లీషు సారు కూడా కొన్ని చెప్పారు.

ఈ మాట పుట్టింది గ్రీకు భాషలో. "స్కొలే" అంటే తీరిక! మొదట నేను నమ్మలేదు. మనకిక్కడ తెల్లారింది మొదలు గంటలే గంటలు, తీరిక ఎక్కడిది? తర్వాత అర్థమయ్యింది. పూర్వం గ్రీకు దేశంలో తీరిక ఉన్నవాళ్లు కూర్చుని చర్చించుకునేవారు. అలా తీరిక అన్న మాటకు చర్చ, పాఠం, తర్వాత పాఠం చెప్పే చోటు అని అర్థాలు వచ్చాయి. అది లాటిన్‌లో "స్కొలా" అయ్యి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. స్కాలర్, స్కాలర్‌షిప్ కూడా ఈ కుటుంబమే.

ఆ లాటిన్ మాటే స్పెయిన్ వాళ్ల నోట్లో "ఎస్కువేలా" అయ్యింది. ఫ్రెంచి వాళ్లు "ఎకోల్" అన్నారు. వాళ్లు ముందు ఎ చేర్చుకున్నారు, మనం ఇ చేర్చుకున్నాం. కాబట్టి ఇస్కూలు అన్నవాళ్లను చూసి ఇక నవ్వకండి.

స్కూలు అంటే బిల్డింగు ఒక్కటే కాదు. అందులోని పిల్లలందరినీ కలిపి కూడా స్కూలు అంటారు. ఒకే విధంగా ఆలోచించే పండితులను కూడా అంటారు. చేపల గుంపును కూడా స్కూలు అంటారు గానీ అది వేరే మాట. అది డచ్చి భాష నుంచి వచ్చింది. దాని అర్థం గుంపు.

ఇంకో సంగతి. గ్రీకు వాళ్లకు తీరిక ఊరికే రాలేదు. వాళ్ల పనులు బానిసలు చేసేవారు. అది తెలిశాక నాకు మా చెల్లి గుర్తొచ్చింది. దానికి పదేళ్లు. రెండో తరగతితో ఆగిపోయింది. అమ్మానాన్న పోడుకి పోతే తమ్ముణ్ణి ఎత్తుకునేది అదే. నా వంతు నీళ్లు, కట్టెలు కూడా అదే మోస్తుంది. నేను ఇక్కడ కూర్చుని చదివే తీరిక మా చెల్లి ఇచ్చిందే.

ఇప్పుడు మా ఊరికి అంగన్‌వాడీ వచ్చింది. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు తమ్ముణ్ణి అక్కడ వేయమని అమ్మను అడుగుతాను. మేడం గారూ, చెల్లిని తీసుకొస్తే సంవత్సరం మధ్యలో చేర్చుకుంటారా? ఏ తరగతిలో కూర్చోబెట్టినా పర్వాలేదు. నా పక్కన పడుకుంటుంది. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి చెల్లెళ్లు ఉంటే మీరూ అడగండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని